ఉద్యోగంలోకి తీసుకునేముందు సివిల్ కోర్టు కేసులు కూడా వెతికించాలా?

క్రిమినల్ కేసులు చూడటం సరే, సివిల్ కేసులు కూడా వెతుకుతామని, కొత్తగా చేరేవాళ్ల పూర్వాపరాలు విచారించే ఏజెన్సీ అదనంగా డబ్బులడుగుతోంది, దండగేనా అని అడిగారు. మన నెల్లూరు, ప్రకాశం వరకైతే ముప్పాతిక వంతు దండగే. పొలమో స్థలమో ఉండి, కోర్టు గుమ్మం తొక్కని కుటుంబం ఒక్కటి చూపించండి నాకు.

నేను నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో అడ్మిన్ చూస్తాను. ఆమధ్య అకౌంట్స్‌లోకి కావలి వైపు అమ్మాయిని ఎంచుకున్నాం. బీకాం చదివింది, ట్యాలీ మీద చెయ్యి బాగా నడుస్తుంది. హైదరాబాద్ ఏజెన్సీ రిపోర్టులో మాత్రం ఎర్ర రంగులో ఒకే లైను: సివిల్ కేసు పెండింగ్, ప్రతివాది. దేని గురించి కేసో ఒక్క ముక్క లేదు. మా ఎండీ గారు చూసి, 'కోర్టుకెక్కిన పిల్ల మనకెందుకబ్బా' అని ఫైలు పక్కన పడేశారు.

నాకు మనసొప్పక ఆ అమ్మాయికి ఫోన్ చేశా. 'నా మీద కేసేంది సార్' అని మొదట బిత్తరపోయింది. కాసేపాగి తనే అంది: 'మా తాత పొలం గురించేమో సార్. మా మేనత్త భాగం కావాలని వేసింది. మా నాయన పోయినాక మా అమ్మనీ నన్నూ తమ్ముడినీ అందులో చేర్చారంట. నేనైతే ఆ కోర్టు యాడుందో కూడా చూళ్లా.'

కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్లో, ఒక్కో కేసుకి విడిగా ఉండే పదహారక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొట్టి చూశా. ఓఎస్, అంటే సివిల్ దావా; అందులోనూ పార్టిషన్ సూటు, ఆస్తి పంపకాల కేసు. ప్రతివాదుల వరసలో ఏడో పేరు ఆ పిల్లది. ఆ కేసు వేసేనాటికి స్కూల్లో ఉంది. భాగపరిష్కారం దావాలో హక్కున్న వాళ్లందర్నీ చేర్చి తీరాలి, లేకపోతే దావా నిలబడదు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వాటా ఇచ్చింది కాబట్టి పేరు కోర్టులో ఉంది. ఏజెన్సీ దృష్టిలో అది మచ్చ! ఆ కేసు పేజీ ప్రింట్ తీసి ఎండీ గారి ముందు పెడితే అప్పుడు సరేనన్నారు.

సరే, 'క్లియర్' అని వస్తే నమ్మొచ్చా అంటే అదీ లేదు. సైట్లో పేరుతో వెతకాలంటే సంవత్సరం ఇవ్వాలి, ఒక్కో కోర్టు సముదాయం విడిగా చూడాలి. పేర్లేమో ఇంగ్లీషులో. మన వెంకటేశ్వర్లును ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా రాస్తాడు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. పైగా కందుకూరు 2022లో నెల్లూరు జిల్లాలో కలిసింది కదా అని మా ఏజెన్సీ అక్కడి మనిషి కోసం నెల్లూరు కోర్టుల్లోనే గాలించింది. అప్పుడు మారింది రెవెన్యూ జిల్లా ఒక్కటే. అక్కడి కోర్టు మాత్రం ఒంగోలు జిల్లా కోర్టు కిందే ఉండిపోయింది. ఇదంతా తెలియని వాళ్లకి మనం బిల్లు కడుతున్నాం, దానిమీద జీఎస్టీ ఒకటి!

నన్నడిగితే పార్టిషన్లు, దారి తగాదాలు, ఇంజంక్షన్లు (ఫలానా పని చేయకుండా ఆపమనే దావాలు) అసలు రిపోర్టులోనే రానివ్వకూడదు. ప్రోనోటు (అప్పుపత్రం) దావాలు కాస్త చూడొచ్చు, అదీ డబ్బు చేతిలో ఉండే పోస్టుకే. ప్రోనోటుకి మూడేళ్లు దాటితే దావా చెల్లదని, గడువు దగ్గరపడగానే అప్పిచ్చినవాడు ఓఎస్ వేసేస్తాడు. వేసినంత మాత్రాన అవతలివాడు ఎగవేతదారు అయిపోడు. డిక్రీ (కోర్టు తీర్పు) అయ్యి, దాన్ని అమలు చేయించమని వేసే ఈపీ దాకా వచ్చిందా అన్నది చూడాలి. ఎందుకంటే జీతం జప్తు ఆర్డర్ వస్తే ఆ కాగితం మన కంపెనీకే వస్తుంది. మామూలు అప్పుకైతే జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. తక్కినది కోసి కోర్టుకు పంపాలి, పంపకపోతే కంపెనీ మెడకు చుట్టుకుంటుంది.

మీరు ఏ పోస్టుకో రాయలేదు. క్యాషియరో, పర్చేజ్ సూపర్‌వైజరో అయితే కేసు నంబరు, దావా దేనికి, ఏ దశలో ఉంది అనేవి రాసిస్తేనే డబ్బులిస్తామని ఏజెన్సీకి చెప్పండి. వ్యాను డ్రైవర్‌కైతే ఆ డబ్బు పెట్టి కళ్ల పరీక్ష చేయించండి.