కాపర్-టి పదేళ్లు పనిచేస్తుందని ఎలా తేల్చారు? మన మీద ప్రయోగం చేస్తున్నారా?

కావలి నుంచి ఒక చెల్లెలు అడిగింది, పెద్దాసుపత్రిలో కాన్పు తర్వాత, గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టి వేయించుకోమన్నారట, ప్రయోగమేమోనని టెన్షన్. లేదమ్మా, ఇది పరీక్షలు దాటి దశాబ్దాలైంది. కాపర్-టి 380ఏ అనే పేరులోని 380 అంటే రాగి ఉపరితలం 380 చదరపు మిల్లీమీటర్లు.

ఇలాంటి పరీక్షల్లో ఉత్తుత్తి మందు ఇవ్వరు, ఎందుకంటే అది వేసుకున్న మనిషికి గర్భం వచ్చేస్తుంది కదా, అందుకే అప్పటికే నమ్మకమున్న ఇంకో పద్ధతితో పోలుస్తారు, లేదంటే వాడుతున్న ఆడవాళ్లనే ఏళ్ల తరబడి చూస్తూ, వంద మంది ఏడాది వాడితే ఎందరికి గర్భం వచ్చిందో లెక్కిస్తారు. కాపర్-టి 380ఏకి మొదటి ఏడాది ఆ లెక్క ఒకటి కన్నా తక్కువే. పదేళ్లు పనిచేస్తుందని తేల్చింది కూడా ఇలా ఏళ్ల తరబడి చూసే. నొప్పి, ఎక్కువ రక్తస్రావం, జారిపోవడం, అన్నీ రాస్తారు. తీసేశాక మళ్లీ గర్భం ఎప్పుడొచ్చిందో కూడా చూస్తారు.

నీ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. 1980లలో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తూ, అది పరీక్ష అని ఆడవాళ్లకు సరిగా చెప్పలేదు, దానిమీద స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

ఇప్పుడు ఎవరైనా నిన్ను పరీక్షలో చేర్చాలంటే నీకు అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, మధ్యలో మానేసే హక్కు నీది. కాగితం చదవకుండా, ఎవరు తొందరపెట్టినా, వేలిముద్ర వేయకు.