క్యాథ్ ల్యాబ్‌లో చేరబోతున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రేలో చూస్తూ వైద్యం చేసే క్యాథ్ ల్యాబ్‌లో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆర్డరు చేతికి వచ్చిన దగ్గర్నుంచి నీకు టెన్షన్ పట్టుకుందని కూడా చెప్పింది. ఉద్యోగమంతా ఎక్స్‌రే గదుల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. రూల్సన్నీ ట్రైనింగ్‌లో చెప్తారు. అయితే ఆ రూలు ఎందుకు పెట్టారో, కణం లోపల ఏం జరుగుతుందో తెలియకపోతే, పని ఒత్తిడిలో మొదట పక్కన పెట్టేది వాటినే.

ముందుగా ఒక మాట. ఈ విషయంలో నీ ఒంటిని నమ్మకు. ఎక్స్‌రే తగిలితే నొప్పి ఉండదు, వేడి తెలియదు, వాసన రాదు. ఒంట్లో ఇంకిన రేడియేషన్ డోసుని గ్రేలలో కొలుస్తారు. ఒళ్ళంతటికీ ఒకేసారి 4 గ్రే డోసు తగిలి వైద్యం అందకపోతే, ఇంచుమించు సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. అంత డోసుకీ ఒంటి ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు మాత్రమే. చిన్నపాటి జ్వరం కూడా ఇంతకంటే ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. మరి ప్రాణం మీదికి ఎందుకొస్తుందంటే, ఆ కాస్త శక్తీ డీఎన్‌ఏ మీద పడుతుంది కాబట్టి.

ఎక్స్‌రే కణంలోంచి వెళ్తూ ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. కణంలో ఎక్కువ భాగం నీళ్ళే కదా, దెబ్బ ఎక్కువగా నీటి అణువులకే తగులుతుంది. అవి విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేన్నైనా పట్టుకుని దెబ్బతీసే ముక్కలు పుడతాయి. వాటి ఆయుష్షు సెకనులో అతి చిన్న భాగం. ఆ కాస్త సమయంలో పక్కన డీఎన్‌ఏ ఉంటే దాన్ని కొరికేస్తాయి. ఎక్స్‌రే వల్ల డీఎన్‌ఏకి జరిగే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా నీటి ద్వారా జరిగేదే.

1 గ్రే డోసు తగిలితే ఒక్కో కణంలో డీఎన్‌ఏ ఒంటిపోగు సుమారు 1000 చోట్ల తెగుతుంది. వింటే గుండె ఝల్లుమంటుంది కానీ అది పెద్ద ప్రమాదం కాదు. రెండో పోగును చూసుకుని కణం కొన్ని గంటల్లోనే వాటిని సరిచేసేస్తుంది. అసలు చిక్కు రెండు పోగులూ ఒకే చోట తెగినప్పుడు. అలాంటివి 20 నుంచి 40 దాకా ఉంటాయి. చూసి రాసుకోడానికి పక్క పోగు ఉండదు కాబట్టి కణం చాలాసార్లు తెగిన కొసలను దొరికినట్టు అతికించేస్తుంది. కొన్ని సరిగ్గా అతుకుతాయి. కొన్నిచోట్ల ముక్కలు పోతాయి, లేదా ఒక క్రోమోజోమ్ ముక్క ఇంకోదానికి తగులుకుంటుంది. ఆ తరవాత కణం చచ్చిపోతే మన పుణ్యమే, పక్క కణాలు ఆ ఖాళీ పూడుస్తాయి. తప్పుతోనే బతికి పిల్లల్ని పెట్టే కణంతోనే, ఎన్నో ఏళ్ళ తరవాత, క్యాన్సర్ భయం.

ఇంకో సంగతి బాగా గుర్తుపెట్టుకో. దెబ్బ క్షణంలో తగులుతుంది, బయటపడడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది. కొట్టేసిన కొమ్మ మీద ఆకులు ఇంకా పచ్చగా ఉన్నట్టే, దెబ్బతిన్న కణం మామూలుగానే కనిపిస్తూ తన పని చేసుకుపోతుంది. విభజన చెందబోయినప్పుడు చస్తుంది. అందుకే ఒక్కో కణజాలానికి ఒక్కో గడువు. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతుంది కాబట్టి అక్కడ వారంలోపే తెలిసిపోతుంది. 3 గ్రే దాటితే జుట్టు రాలుతుంది, అదీ మూడు వారాలకు. చర్మం ఇంకా మోసం చేస్తుంది. 2 గ్రేకి కొన్ని గంటల్లో కాస్త ఎర్రబడి తగ్గిపోతుంది, హమ్మయ్య అనుకుంటాం. 6 గ్రే దాటితే పది రోజుల తరవాత అసలు ఎరుపు మొదలవుతుంది.

ఇది పేషెంట్ల విషయంలో నీకు చాలా అవసరం. క్లిష్టమైన యాంజియోప్లాస్టీ గంటల తరబడి సాగితే వీపు మీద ఒకేచోట బీమ్ పడుతూ ఉంటుంది. మెషిన్ మీద డోసు 5 గ్రే దాటితే రికార్డులో రాయించు. రెండు మూడు వారాల తరవాత వీపు చూపించుకోమని పేషెంటుకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ విడమరిచి చెప్పు. చెప్పకపోతే వాళ్ళు ఏ చర్మవ్యాధి డాక్టరు దగ్గరికో వెళ్తారు, అప్పటికి గుండె ప్రొసీజర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ మచ్చను అలర్జీ అనో ఒత్తుడుపుండు అనో మందు రాసేస్తారు. డాక్టర్లు ప్రొసీజర్ హడావిడిలో ఉన్నప్పుడు డోసు సంగతి గుర్తుచేయడానికి మొహమాటపడకు. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

బాగా విభజన చెందే కణాలే రేడియేషన్‌కి త్వరగా లొంగుతాయని 1906లోనే బెర్గోనియే, ట్రిబోండో అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు చెప్పారు. ఎముక మజ్జ, పేగు, వృషణాలు అందుకే సున్నితం. నరాలు, కండరాలు గట్టివి. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మాత్రం ఈ సూత్రానికి లొంగవు. అవి విభజన చెందకుండానే ఒకటి రెండు రోజుల్లో కుప్పకూలతాయి. ప్రమాదంలో ఎక్కువ డోసు తగిలినవాళ్ళకి ముందుగా లింఫోసైట్ల కౌంట్ చూసేది అందుకే.

నీ పనిలో మాత్రం నేను భయపడేది కంటి గురించి. కంటి కటకంలో దెబ్బతిన్న కణాలకి బయటికి పోయే దారి లేదు. అవి వెనక వైపు చేరి మసక తెస్తాయి, అదే శుక్లం. ఒకప్పుడు దీనికి ఎక్కువ డోసు కావాలనుకునేవారు. 2011లో రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ కమిషన్ (ICRP) ఆ హద్దును 0.5 గ్రేకి దించింది. పనివాళ్ళ డోసుని హాని లెక్కలో సీవర్ట్‌లలో కొలుస్తారు, ఎక్స్‌రేకి 1 గ్రే అంటే సుమారు 1000 మిల్లీసీవర్ట్‌లు. పనివాళ్ళ కంటికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లు ఉన్న పరిమితిని, ఐదేళ్ళ సగటున ఏడాదికి 20కి తగ్గించింది. కాబట్టి కిరణాల్ని అడ్డుకునే లెడ్ (సీసం) కళ్ళద్దాలు మొదటి రోజు నుంచే పెట్టుకో. బరువుగా ఉన్నాయని నుదుటి మీదికి తోసుకునేవాళ్ళని చూస్తావు, వాళ్ళని చూసి నేర్చుకోకు. పైనుంచి వేలాడే లెడ్ అద్దాన్ని ప్రతి కేసుకీ సర్దుకో.

మీ అమ్మ భయం వేరు, పిల్లల గురించి. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడినవాళ్ళకి తరవాత పుట్టిన పిల్లల్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. వంశపారంపర్య జబ్బులు పెరిగినట్టు ఇంతవరకు కనిపించలేదు. ఆడవాళ్ళకి పిల్లలు పుట్టే అవకాశం పోవాలంటే అండాశయాలకి గ్రేలలో డోసు పడాలి. జాగ్రత్తగా పనిచేసే నీకు ఏడాదికి వచ్చేది కొద్ది మిల్లీసీవర్ట్‌లే. ఏ ఉద్యోగమూ చేయని మనిషికి కూడా ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. క్యాన్సర్ ముప్పు డోసుతోపాటే పెరుగుతుందనే లెక్కతో పరిమితులు పెట్టారు కాబట్టి తగ్గించుకోగలిగినంత తగ్గించుకో, అంతే. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం దాచకు, తెలిసిన రోజే పైవాళ్ళకి చెప్పు. 8 నుంచి 15 వారాల మధ్య బిడ్డ మెదడు చాలా సున్నితం. చెప్పిన దగ్గర్నుంచి కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మార్చడం వాళ్ళ బాధ్యత.

గదిలో నీ మీద పడేది ఎక్కువగా పేషెంటు ఒంటి నుంచి చెదిరి వచ్చే కిరణాలు. ఎక్స్‌రే పుట్టే ట్యూబు ఉన్న వైపు అవి ఎక్కువ, బొమ్మ పట్టే డిటెక్టర్ వైపు తక్కువ. దూరం రెట్టింపైతే డోసు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. సినీ షూట్ (వీడియోలా వరసగా ఎక్స్‌రే బొమ్మలు తీయడం) చేసేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేయడం అలవాటు చేసుకో. చెయ్యి ఎప్పుడూ బీమ్‌లో పెట్టకు. పెడల్ మీంచి కాలు తీయగానే ఎక్స్‌రే ఆగిపోతుంది, గదిలోగానీ పేషెంటు ఒంట్లోగానీ ఏమీ మిగలదు. ఆ తరవాత పేషెంటుని ముట్టుకోడానికి జంకకు. లెడ్ ఏప్రన్ మడతపెట్టకు, లోపల పగుళ్ళొస్తాయి, హ్యాంగర్‌కి తగిలించు.

ఇక ఒంటికి ఎంత డోసు తగిలిందో కొలిచే బ్యాడ్జీల సంగతి. ఒకటి ఏప్రన్ లోపల, ఒకటి బయట కాలర్ దగ్గర. ఎక్కువ రీడింగ్ వస్తే డ్యూటీ మారుస్తారని కొందరు బ్యాడ్జి లాకర్లో పెట్టి లోపలికి వెళ్తారు. నువ్వలా చేయకు. రిపోర్టు వచ్చినప్పుడల్లా అంకె నీ పుస్తకంలో రాసుకో. కాలర్ బ్యాడ్జి రీడింగ్ ఎక్కడైనా ఎగబాకితే, ఆ నెల కేసుల్లో ఎక్కడ నిలబడ్డావో, అద్దం ఎటు ఉందో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌తో కూర్చుని చూసుకో.

నీ పెదనాన్న