మన పేట సమాచార పత్రం చేపట్టిన మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మన పేట నివాసుల సంఘం వారం వారం వెలువరించే సమాచార పత్రం బాధ్యతను నువ్వు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. రామమందిరం పక్కగోడ మీద నల్లబోర్డు ఉన్న రోజుల నుంచి ఈ పని చూసినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంతవరకు రాసి పంపుతున్నాను.

జిల్లా ఎడిషన్లు, టీవీ ఛానెళ్లు, ఇంటికొక వాట్సాప్ గ్రూపు ఉన్న ఈ కాలంలో ఇంకొక కాగితం ఎందుకని నిన్ను చాలామంది అడుగుతారు. జిల్లాలో ఏం జరిగిందో వాళ్లంతా చెబుతారు గానీ, మన వీధి కుళాయికి రేపు ఉదయం నీరు వస్తుందో రాదో చెప్పేవారు లేరు. అందుచేత నీ చేతికి వచ్చిన ప్రతి కబురునూ, అది ఏ వీధులకు వర్తిస్తుంది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, చెప్పినది ఎవరు, చదివినవాడు ఏం చేయాలి అని ప్రశ్నించి చూడు. వీటికి జవాబు లేని కబురు ఎంత పెద్దదైనా మన పత్రంలో దానికి చోటు లేదు. ముఖ్యమంత్రి పర్యటన వార్త పత్రికల్లో వస్తుంది. ఆ పర్యటన వల్ల ఏడురోడ్ల కూడలి దగ్గర ఎన్ని గంటల నుంచి బస్సులు మళ్లిస్తారన్నది మాత్రం నువ్వు రాయాలి.

కబురు ఎక్కడ దొరుకుతుందన్న విషయంలో మన ఊరి పరిస్థితి కొంచెం వేరు. 2015లో మన మునిసిపాలిటీని నగరపాలక సంస్థగా మార్చారు గానీ, 2010 తరువాత ఎన్నికైన పాలకవర్గం లేకుండా ప్రత్యేకాధికారి పాలనలోనే ఏళ్లు గడిచిపోయాయి. పక్కనే ఉన్న విజయనగరంలో 2021లో ఎన్నికలు జరిగాయి కాబట్టి, అక్కడివారు కాలువ పని ఎందుకు ఆగిందని తమ కార్పొరేటరును గుమ్మం దగ్గరే నిలదీయగలిగారు. కౌన్సిల్ సమావేశం జరిగే ఊళ్లో ఎజెండా ముందుగా బయటికి వస్తుంది, సభ్యులు వాదించుకుంటారు, పత్రికలవారు రాస్తారు, జనానికి తెలుస్తుంది. అవేవీ లేనిచోట నిర్ణయం కమిషనరు గారి గదిలో జరిగి, టెండరు నోటీసు రూపంలోనో రోడ్డు తవ్వే యంత్రం రూపంలోనో మన ముందుకు వస్తుంది. అటువంటి ఊళ్లో పేట పత్రం నడిపేవాడి మీద బరువు ఎక్కువ. నగరపాలక సంస్థ కార్యాలయం నోటీసు బోర్డును వారానికి ఒకసారైనా నీ కళ్లతో చూడు, పత్రికల్లో వచ్చే టెండరు ప్రకటనలు కత్తిరించి దాచు. పని పేరు, అంచనా మొత్తం, గడువు ఈ మూడూ ఒక పుస్తకంలో రాసుకుంటే, ఆర్నెల్ల తరువాత ఆ కాలువ దగ్గరికి వెళ్లి నిలబడినప్పుడు దానితో నీకు పని పడుతుంది.

రోజువారీ సంగతులకు వార్డు సచివాలయమే దిక్కు. 2019లో ఆ వ్యవస్థ వచ్చినప్పటి నుంచి పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి, నీళ్లు రోడ్ల వంటి వసతులకు ఒకరు, ఇళ్ల ప్లాన్లకు ఒకరు, విద్యుత్తుకు ఒకరు అని వేరువేరుగా ఉన్నారు. చెత్త సంగతి విద్యుత్ కార్యదర్శిని అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, అది నమ్మి రాశావంటే మరునాడు ఇరవై మంది నీ మీద పడతారు. ఎవరి పనికి వారినే అడుగు. అడిగేటప్పుడు ఫిర్యాదుదారుడిలా వెళ్లవద్దు. "మా పత్రంలో రాయడానికి వచ్చాను, మీరు చెప్పినది చెప్పినట్టే వేస్తాను" అని ముందే చెప్పు. చిన్న ఉద్యోగులకు తమ మాట వక్రీకరిస్తారన్న భయం తప్ప మరొక అభ్యంతరం ఉండదని నా అనుభవం. నీటి సంగతి మాత్రం కార్యదర్శితో పాటు, మన వీధి వాల్వు తిప్పే మనిషిని కూడా అడుగు. ఏ వీధికి ముందు వదులుతారో, ఏ పైపు ఎక్కడ పగిలిందో కాగితాల కంటే ఆయనకే ముందు తెలుస్తుంది.

విద్యుత్ కోతల విషయానికి వస్తే, తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారు లైన్ల మరమ్మతు ఉన్నప్పుడు సబ్‌స్టేషను పేరో ఫీడరు (సబ్‌స్టేషను నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైను) పేరో చెప్పి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు సరఫరా ఉండదని ముందురోజు ప్రకటిస్తారు. ఆ ప్రకటన పత్రికలో చదివిన మనిషికి తన ఇల్లు ఏ ఫీడరు కింద ఉందో తెలియదు కాబట్టి, అది చదివినా చదవనట్టే అవుతుంది. నువ్వు చేయవలసిన మొదటి పని, మన పేటలో ఏ వీధి ఏ ఫీడరు మీద ఉందో లైన్‌మన్‌తో కూర్చుని ఒక జాబితా తయారు చేసుకోవడం. తరువాత ప్రకటన రాగానే ఫీడరు పేరు తీసేసి వీధుల పేర్లు రాస్తే చాలు. మన ఎదురువరుస ఒక ఫీడరు, మనం ఒక ఫీడరు అన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. చెప్పకుండా కరెంటు పోయినప్పుడు 1912కు ఫోను చేయాలన్నది ప్రతి సంచికలోనూ అడుగున ఉండనివ్వు.

ఇక నది. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పుకార్లు పుట్టేది ఇక్కడే. నాగావళి ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టి, రాయగడ మీదుగా దిగి, పార్వతీపురం మన్యం జిల్లాలోని తోటపల్లి బ్యారేజీ దాటి, సంగాం దగ్గర సువర్ణముఖిని కలుపుకుని, నారాయణపురం ఆనకట్ట మీదుగా మన ఊళ్లోకి వస్తుంది. కాబట్టి మన నెత్తిన ఎండ కాస్తున్నప్పుడు కూడా నది పెరగవచ్చు, మన వీధుల్లో మోకాలి లోతు వాన నీరు నిలిచిన రోజున నది మామూలుగానే ఉండవచ్చు. ఉమారుద్ర కోటేశ్వరాలయం దగ్గర మెట్లు మునిగాయా లేదా అని చూసి వరద అంచనా వేసే అలవాటు మన పెద్దలది. ఆ అలవాటు తప్పు కాదు గానీ, మెట్లు మునిగే వేళకు పశువులను తోలుకురావడానికి వ్యవధి మిగలదు. తోటపల్లి దగ్గర గేట్లు ఎత్తి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, సువర్ణముఖి మీది మడ్డువలస జలాశయం నుంచి ఎంత వదిలారు, నారాయణపురం దగ్గర ఎంత ఉంది అన్న మూడు అంకెలు తెలిస్తే మన ఊరికి వచ్చేదేమిటో ముందే ఊహించవచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. ఉత్త అంకె వేస్తే ఎవరికీ అర్థం కాదు, నిన్న ఎంత ఉంది, ఈ ఉదయం ఎంత ఉంది, పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్నది కలిపి రాయి. అంకె పక్కన సమయం లేకపోతే దానిని అసలు వేయవద్దు, ఉదయం ఆరు గంటల అంకెను రాత్రి పది గంటలకు పంపిణీ చేయడం వల్లనే సగం భయాలు పుడతాయి.

ఇంకొకటి. ప్రతి వానాకాలం "గొట్టా బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక జారీ" అని ఒక కబురు మన వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంది, అది చూసి నది ఒడ్డు ఇళ్లవారు సామాన్లు సర్దుకుంటారు. గొట్టా బ్యారేజీ వంశధార మీద హిరమండలం దగ్గర ఉంది. ఆ నీరు మన ఊరికి రాదు, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండు నదులూ మన జిల్లావే అయినంత మాత్రాన రెండు వరదలూ మనవి కావు. అటువంటి కబురు వచ్చినప్పుడు ఊరుకోకుండా, "ఈ హెచ్చరిక వంశధార తీరం వారిది, నాగావళి పరిస్థితి ఈ గంటకు ఇది" అని వెంటనే రాస్తే, అది నువ్వు చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి అవుతుంది. హిరమండలం, గార వైపు బంధువులున్న వారికి కూడా అది పనికివస్తుంది.

తుపానుల సంగతి కూడా ఇటువంటిదే. కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగురవేశారంటే అది ఓడలకూ వేటకు వెళ్లే పడవలకూ ఉద్దేశించిన సంకేతం, మన ఇంటి పైకప్పుకు నేరుగా చెప్పిన మాట కాదు. వాతావరణ శాఖవారు జిల్లాలవారీగా ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగు హెచ్చరికలు మనకు కావలసినవి. అక్టోబరు నెలలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు: 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖను కొట్టింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని పడగొట్టింది. తిత్లీ తరువాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు గుంపు సందేశం ఎవరికి అందుతుంది? అందుకే కాగితం మానవద్దని నీకు గట్టిగా చెబుతున్నాను. పాలబూత్ దగ్గర ఒకటి, రేషను దుకాణం దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి అతికించే ఏర్పాటు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, కాగితం మీద అక్షరం చత్వారం వచ్చిన మా వంటివాళ్లు నిలబడి చదవగలిగేంత పెద్దదిగా ఉండాలి.

ఇంటిపన్ను గురించి ఏడాదికి రెండుసార్లు తప్పక రాయాలి. అర్ధసంవత్సరానికొకసారి కట్టవలసిన ఆ పన్నును ఏడాది మొత్తానికీ ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తారు. కాబట్టి ఆ కబురు మార్చి చివర్లోనే ప్రజలకు చేరాలి. మే నెలలో గుర్తుచేస్తే తిట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం ధర) మీద పన్ను లెక్కిస్తున్నారు కాబట్టి, తన పన్ను ఎందుకు పెరిగిందో అర్థం కాక అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఫిర్యాదులను నీ పత్రంలో వేయవచ్చునా అని నీకు సందేహం కలుగుతుంది. వేయవచ్చు, కానీ అర్జీ ఇచ్చిన తరువాత. కలెక్టరు గారి ఆధ్వర్యంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, వెళ్లలేనివారు 1100కు ఫోను చేయవచ్చు. రసీదు నంబరూ తేదీ నీ దగ్గర ఉంచుకుని, "ఫలానా వీధి కాలువ గురించి ఫలానా తేదీన అర్జీ ఇచ్చాము, ఇంకా పని మొదలు కాలేదు" అని రాయి. "అధికారుల నిర్లక్ష్యం" అన్న మాట వాడవద్దు, తేదీలు పక్కపక్కన పెడితే ఆ మాట పాఠకుడే అనుకుంటాడు. అంతకీ కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. నగరపాలక సంస్థలోని ప్రజా సమాచార అధికారి పేర 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎందుకు చేయలేదని అడగవద్దు, దానికి జవాబు ఇవ్వవలసిన పని వారికి లేదు. ఆ పని అంచనా కాగితం నకలు, పని అప్పగించిన ఉత్తర్వు నకలు, కొలతల పుస్తకం నకలు అడుగు. కాగితం అడిగితే కాగితం వస్తుంది.

ఉత్సవాల్లో రథసప్తమి ఒక్కటే మనకు పెద్ద పరీక్ష. 2025లో దానిని రాష్ట్ర పండుగగా జరిపిన తరువాత అరసవల్లి దారుల్లో రద్దీ సంగతి చెప్పనక్కరలేదు. పూజల వివరాలు దేవస్థానంవారే ప్రకటిస్తారు, వాటిని మళ్లీ దించి కాగితం నింపవద్దు. ముందురాత్రి నుంచే వాహనాలను ఆపేది ఎక్కడ, మన పేట నుంచి ఆసుపత్రికి వెళ్లవలసినవారికి ఏ దారి తెరిచి ఉంటుంది, ఆ రోజు చెత్తబండి వస్తుందా, నీళ్ల వేళ మారుతుందా అన్నవి పోలీసువారినీ సచివాలయాన్నీ అడిగి రాయి. బాలింతలు, డయాలిసిస్‌కు వెళ్లేవారు ఉన్న ఇళ్లకు ఆ కాగితం ముందుగా చేర్చు.

వేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. దొంగ అని ఎవరి ఫోటోనో పంపి వేయమంటారు, పోలీసు స్టేషనుకు పంపమని చెప్పు. ఎవరి ఇంట్లో ఏ జ్వరం వచ్చిందో పేరుతో రాయవద్దు. ఫలానా వీధుల్లో డెంగీ కనిపించింది, తొట్టెల్లో నీరు పారబోయండి అంటే సరిపోతుంది. స్థలాల వ్యాపారులు ప్రకటన ఇచ్చి ఖర్చు భరిస్తామని వస్తారు. నకళ్ల ఖర్చు సంఘం చందాతోనే గడవాలి, ఎందుకంటే రేపు ఆ లేఅవుటుకు అనుమతి లేదన్న నోటీసు కార్యాలయం బోర్డు మీద కనిపించిన రోజున నువ్వు దానిని వేయగలగాలి. ఎక్కడైనా పొరపాటు దొర్లితే సవరణను తరువాతి సంచికలో మొదటి అంశంగా, అంతే పెద్ద అక్షరాలతో వెయ్యి.

పాత టెండరు కత్తిరింపుల పుస్తకాలు, అర్జీల రసీదుల దస్త్రం మీ అత్తయ్య బీరువా కింది అరలో ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకువెళ్లు. అందులో చివరి పేజీలో, పని పూర్తయినట్టు ఇంకా రాయని కాలువలు రెండున్నాయి. గడువు ఎప్పుడో దాటింది. నీ మొదటి సంచికకు ముందు ఆ రెండు చోట్లకూ వెళ్లి చూసిరా.

ఇట్లు,
మీ మామయ్య