వాగు ఒడ్డున కోళ్ల పెంట: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. మా పొలానికి ఎగువన ఒకాయన కోళ్ల ఫారం నుంచి ట్రాక్టర్లతో పెంట తెప్పించి వాగు ఒడ్డునే కుప్పలు పోయించాడు. తొలకరికి అదంతా వాగులోకి కొట్టుకొచ్చింది. నీళ్లు పచ్చబడి కంపు కొడుతున్నాయి, పశువులు మూతి పెట్టడం లేదు. అడిగితే "నా పొలానికి నేను ఎరువేసుకుంటే నీకేంది?" అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆయన మాటలో సగం నిజముంది. పొలానికి కోళ్ల ఎరువు వేయడం నేరం కాదు. అందుకే ఫిర్యాదులో "ఎరువు వేస్తున్నాడు" అని కాక, "వాగులో కలిసేలా వదిలేస్తున్నాడు" అని రాయండి.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కాలుష్య పదార్థం నేరుగా గానీ, పరోక్షంగా గానీ వాగులోకి, బావిలోకి చేరేలా తెలిసి చేయకూడదు. ఎండిన వాగు కూడా ఈ చట్టం దృష్టిలో వాగే. కాబట్టి "ఎండాకాలంలో పోశాను, అప్పుడు చుక్క నీరు లేదు" అంటే కుదరదు.

అయితే తెలిసే చేశాడని చూపించాలి. అందుకోసం ముందుగా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి: కుప్పలు వాగుకు దూరంగా జరపాలని, చల్లిన వెంటనే దున్ని మట్టిలో కలపాలని, వాన ముందు చల్లొద్దని. దున్నకపోతే నత్రజని, భాస్వరం వానకు కొట్టుకుపోయి నష్టపోయేది ఆయనే. ఈ మాట పెద్దమనుషుల ముందు చెప్పి చూడండి, కోర్టు దాకా రాకుండానే తెగొచ్చు.

వినకపోతే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మీరు సీసాలో పట్టిన నీళ్లతో ఈ చట్టం కింద శిక్ష పడదు; మండలి అధికారులు 21వ సెక్షన్ పద్ధతిలో తీసిన నమూనాలే పనికొస్తాయి. కుప్పలకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయమనండి, లేదంటే ఊరి మురుగు మీదికి నెట్టేస్తాడు. దగ్గర్లో తాగునీటి బావి ఉంటే అదీ పరీక్షించమనండి. తాగునీటిలో నైట్రేట్ (పెంటలోని నత్రజని నుంచి వచ్చేది) లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

పెంట అమ్మిన ఫారాన్నీ వదలకండి. 5,000 కోళ్లకు మించితే మండలి అనుమతి ఉండాలి. ఆ అనుమతి పత్రం కాపీని సమాచార హక్కు కింద అడగండి. పెంట తరలింపు షరతులు అందులో చూడొచ్చు. నా అనుభవంలో పొలం యజమాని కంటే ఫారం వాళ్లే త్వరగా దిగొస్తారు.

పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లాలంటే గడువు చూసుకోండి. పెంట ఆపించే ఉత్తర్వుకు, సమస్య మొదటిసారి తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పరిహారానికైతే ఐదేళ్లు. పంచాయితీలు జరుగుతున్నాయని ఈ ఆరు నెలల లెక్క ఆగదు.