ఎన్నారై సందేహాలు: గంజాయి సంగతి ఫామ్‌లో రాయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే, అమెరికాలోనే పుట్టాడు. రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, కానీ సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు అనుమతి) కావాలట. కాలేజీలో నాలుగైదు సార్లు గంజాయి తాగానని ఇప్పుడు చావు కబురు చల్లగా చెబుతున్నాడు. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?

జవాబు: రాయమనండి. మీరడిగిన ప్రశ్నే మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గరా వచ్చింది. మా అన్నయ్య కొడుకు ఆ క్లియరెన్స్ కోసం ఇచ్చే ఫామ్, ఎస్ఎఫ్-86 నింపుతూ 23వ సెక్షన్ దగ్గర ఆగిపోయాడు. గత ఏడేళ్ళలో డ్రగ్స్ వాడారా అని అక్కడ సూటిగా అడుగుతారు. అన్నయ్య టీ కప్పు పక్కన పెట్టి, "నో కొట్టెయ్‌రా, పరువు పోతుంది" అన్నాడు. వాడు, "నాన్నా, రిఫరెన్సుల్లో రూమ్మేట్ పేరే ఇచ్చాను కదా" అన్నాడు. ఇన్వెస్టిగేటర్ వెళ్ళి ఆ రూమ్మేట్‌ని అడుగుతాడు. అతను అమాయకంగా "వీకెండ్‌లో అందరం తాగేవాళ్ళం" అన్నాడంటే ఇక చెప్పేదేముంది? చివరికి యెస్ అనే పెట్టాడు.

క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు చూసే 13 అంశాల్లో డ్రగ్స్ ఒకటి, ప్రవర్తన మరొకటి; ఫామ్‌లో అబద్ధం రాయడం ఈ రెండోదాని కిందికి వస్తుంది. మొదటిదానికి విరుగుడు ఉంది. ఎప్పుడు మానేశాడు, ఎన్నిసార్లు వాడాడు, ఆ స్నేహాలకు దూరమయ్యాడా, ఇక ముట్టనని సంతకం పెడతాడా అని చూస్తారు. పాత గంజాయి వాడకం ఒక్కదాన్ని బట్టే నిర్ణయం తీసుకోకూడదని 2021లో జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం కూడా చెప్పింది. ఆ సెక్షన్‌లో రాసిన నిజాన్ని తర్వాత క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఫామ్‌లోనే ఉంటుంది. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అది ఫెడరల్ నేరం, ఐదేళ్ళ దాకా జైలు. నన్నడిగితే, పిల్లల్ని ముంచేది గంజాయి కాదు, మనం పక్కన కూర్చుని నేర్పే ఆ "నో".

ఇప్పటికే నో అని పంపేసి ఉంటే, వాళ్ళు నిలదీసేదాకా ఆగకుండా తనే ముందుగా చెప్పి సరిదిద్దుకోవాలి. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది. పరీక్షలప్పుడు, ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే యాడరాల్ మాత్ర స్నేహితుడి దగ్గర తీసుకుని మింగినా అక్కడ రాయాల్సిందే. చాలామంది అది మందే కదా అనుకుంటారు.

ఇంకో పొరపాటు: "మా రాష్ట్రంలో లీగలే" అనడం. వర్జీనియాలో 2021 జూలై నుంచి పెద్దవాళ్ళు కొద్దిగా గంజాయి దగ్గర ఉంచుకోవచ్చు, నిజమే. ఫెడరల్ చట్టంలో మాత్రం నేరమే. ఇప్పటికీ వాడుతున్నవాళ్ళకు క్లియరెన్స్ రాదు.

గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళకు ఇంకా జాగ్రత్త అవసరం. క్లియరెన్స్ మామూలుగా పౌరులకే ఇస్తారు కాబట్టి మీకా ఫామ్ ఉండదు. కానీ 2019 నాటి ఇమ్మిగ్రేషన్ విధానం ప్రకారం, రాష్ట్రంలో లీగల్ అయినా గంజాయి మీ సిటిజెన్‌షిప్‌కి అడ్డు రావచ్చు. గంజాయి అమ్మే డిస్పెన్సరీ గుమ్మం తొక్కకండి. ఇదివరకే తాగి ఉంటే ఎన్-400 (సిటిజెన్‌షిప్ దరఖాస్తు) వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

మీ అబ్బాయిని నింపిన ఫామ్ కాపీ ఒకటి దాచుకోమనండి. మళ్ళీ నింపాల్సి వచ్చినప్పుడు తేదీలు కలవాలి.