హిమాలయాలున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదంటే నమ్మొచ్చా?

హిమాలయాలు సముద్రంలోంచి లేచాయనీ, ఇంకా పెరుగుతున్నాయనీ మీ అబ్బాయి పాఠంలో ఉంది, నిజమేనా అని అడిగారు. నిజమే. సాక్ష్యం మీ దేవుడి గదిలోనే ఉండొచ్చు, సాలగ్రామం ఉందేమో చూడండి.

మా అత్తగారిని నేపాల్ హిమాలయాల్లో ఉన్న ముక్తినాథ్ గుడికి తీసుకెళ్ళినప్పుడు నాకు ఈ సంగతి బుర్రకెక్కింది. పోఖరా నుంచి జీపులో బయల్దేరితే బేని దాటాక కొండచరియ విరిగిపడి నాలుగు గంటలు రోడ్డు మీదే ఉన్నాం. పక్కన కాళీ గండకి నది, బూడిద కలిపినట్టున్న నీళ్ళు. జోమ్‌సోమ్ దాటాక ఒకామె గుడ్డ పరిచి సాలగ్రామాలు అమ్ముతోంది. పగిలిన నల్లరాయి ఒకటి చేతిలో పెట్టింది. లోపల చక్రం, గదులు గదులుగా, ఎవరో చెక్కినట్టు.

వజ్రకీటం అనే పురుగు రాయిని తొలిచి ఆ చక్రం చేస్తుందని మా ఇంట్లో చెప్పేవారు. భూగర్భ శాస్త్రం ప్రకారం అది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల అచ్చు. డైనోసార్ల కాలంలో బతికి, వాటితో పాటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం అంతరించింది. అక్కడో ప్రాణి ఉండేదన్న మాట వరకు మన పెద్దవాళ్ళు తప్పు చెప్పలేదు!

సముద్రపు గుల్ల మూడు వేల మీటర్ల ఎత్తున ఎందుకుందంటే, మనకీ టిబెట్‌కీ మధ్య అప్పట్లో టెథిస్ అనే సముద్రం ఉండేది. దక్షిణాన అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఉన్న మన భూభాగం విడిపోయి ఉత్తరానికి కదిలింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా నడిచింది. దారిలో సముద్రపు అడుగు బరువైన రాయి కాబట్టి టిబెట్ కిందికి దూరిపోయింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం అసలు నేల నేలకు తగిలింది. ఇక్కడే చిక్కు. ఖండాల రాయి తేలిక, అంత సులువుగా మునగదు. కాచిన పాల మీద మీగడను గరిటెతో గిన్నె అంచుకు నెట్టి చూడండి. మునగదు, ముడతలుపడి మందమవుతుంది. టిబెట్ కింద భూమి పైపొర దాదాపు 70 కిలోమీటర్ల మందం, మామూలు చోట్లకు రెట్టింపు. (పాలతో పోలిక అక్కడికే. కింద ఉన్నది ద్రవం కాదు, వేడికి లక్షల ఏళ్ళలో మెల్లగా సాగే గట్టి రాయే.) ఆ ముడతల్లోనే సముద్రపు బురద కూడా పైకొచ్చింది. ఎవరెస్టు శిఖరం మీదున్నది కూడా సున్నపురాయే, అందులోనూ సముద్రజీవుల అవశేషాలున్నాయి.

కదలిక ఆగలేదు. ఇప్పుడు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. నా పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, అంటే రాజమండ్రిలో మా వీధి కూడా ఈపాటికి ఒక మీటరు జరిగింది. పెరగడం మాత్రం మొక్క పెరిగినట్టు సాఫీగా ఉండదు. ఒత్తిడి బిగుసుకుని, బిగుసుకుని, ఒక్కసారి జారుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో అలా జారినప్పుడు కాఠ్మాండూ లోయ దాదాపు మీటరు పైకి లేచింది, దానికి ఉత్తరాన కొన్ని మంచుకొండలు కాస్త కుంగాయి. సుమారు 9 వేల మంది పోయారు. పైకి లేచిందాన్ని నదులూ, మమ్మల్ని నాలుగు గంటలు ఆపిన దానిలాంటి చరియలూ మళ్ళీ కిందికి లాక్కొస్తూనే ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో ఇదంతా చెప్తే అత్తగారు, “అయితే ఇన్నాళ్ళూ నత్తకా అభిషేకం చేసింది?” అన్నారు. “నత్త కాదత్తయ్యా, దాని దూరపు చుట్టం” అన్నాను. ఇంటికొచ్చిన మూడో రోజు పూజ చేస్తూ పిలిచారు. “సముద్రంలో ఉండేదంటున్నావు, గోదావరి నీళ్ళు పడతాయంటావా?”