అంతా కృపే అయితే, నా నిర్ణయం సంగతేంటి?

మీరు అడిగింది ఇది: రక్షణ పూర్తిగా దేవుని కృపే అయితే మనిషి నిర్ణయానికి విలువేముంది? నిర్ణయం మనదే అయితే అది కృప ఎలా అవుతుంది? నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాను. ఈ ప్రశ్నతో చాలా ఏళ్లు కుస్తీ పట్టినవాణ్ణి, అంతే. అందుకే ముందు నా సంగతి చెప్తాను.

మా అన్నయ్యకు కొంత డబ్బు అప్పిచ్చాను. తిరిగివ్వలేదు సరికదా, అసలు తీసుకోనే లేదన్నట్టు మాట్లాడాడు. ఆరేళ్లు మా మధ్య మాటల్లేవు. ఆదివారం ఆరాధనలో పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరికి రాగానే నా నోరు మూతపడేది. (మన బైబిల్లో అక్కడ సరిగ్గా 'ఋణస్థులు' అనే ఉండాలా! 'అపరాధులు' అని ఉంటే ఎలాగో సర్దుకునేవాణ్ణేమో.)

మొదట్లో పట్టుబట్టి క్షమించాలని చూశాను. నాలుగు రోజులు బాగానే ఉండేది. అన్నయ్య కొత్త కారు కొన్నాడని ఎవరైనా చెప్తే మళ్లీ ఒళ్లు మండేది. తర్వాత ఇంకో దారి పట్టాను: "దేవుడే నా మనసు మార్చాలి, మార్చాక ఫోన్ చేస్తాను." వినడానికి ఎంత భక్తిగా ఉందో చూడండి. నిజానికి అది సాకు. కృప పేరు చెప్పి మూడేళ్లు చేతులు కట్టుకు కూర్చున్నాను.

ఒక రాత్రి ఉన్నట్టుండి అన్నయ్య ఎలా ఉన్నాడో తెలుసుకోవాలనిపించింది. ప్రసంగమేదో విని కాదు, కల వచ్చీ కాదు. అలా అనిపించడమే నాకు వింత. నంబరు నొక్కింది నేనే, రింగవుతుంటే రెండుసార్లు కట్ చేసిందీ నేనే. ఎవరూ నా వేలు పట్టుకుని నొక్కించలేదు. కానీ ఆ కోరిక నేను పుట్టించుకున్నదని మాత్రం చెప్పలేను. పుట్టించుకోవాలని చూసి ఎన్నిసార్లు ఓడిపోయానో నాకు తెలుసు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:12-13 నాకు అప్పుడే కొంచెం అర్థమైంది. భయంతో, వణకుతో మీ రక్షణను కొనసాగించుకోండి అన్న పౌలు, వెంటనే ఆ ఇచ్ఛను కూడా మీలో కలిగించేవాడు దేవుడే అంటాడు. ఆ రెండు మాటల మధ్య 'అయినా' లేదు, 'ఎందుకనగా' ఉంది.

ఈ గొడవ చాలా పాతది. నువ్వు ఆజ్ఞాపించేదాన్ని ముందు నాకు అనుగ్రహించు, ఆపైన నీ ఇష్టమొచ్చింది ఆజ్ఞాపించు అని తొలి శతాబ్దాల సంఘపు బిషప్పు అగస్టీన్ ప్రార్థిస్తే, ఆ కాలపు బోధకుడు పెలాగియస్‌కు కోపం వచ్చింది. మనిషి బాధ్యత ఏమైపోతుందని ఆయన బాధ. ఆ మూడేళ్లలో నన్ను చూసుంటే, ఆయన బాధలో అర్థముందని మీరే అనేవారు. సంఘం మాత్రం 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో జరిగిన సభలో, మనిషి సొంత శక్తితోనే దేవుని ఆజ్ఞలు పాటించగలడన్న పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ ఊళ్లో జరిగిన సభ విశ్వాసం మొదలవడం కూడా కృప వల్లే అని చెప్పింది, కానీ దేవుడు కొందరిని చెడుకే ముందుగా నిర్ణయించాడనే మాటను గట్టిగా ఖండించింది. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ సభలో ఆర్మీనియన్ల (ఆర్మీనియస్ అనే వేదాంతి అనుచరుల) వాదం ఓడిపోయింది. ఐతే మొదటి అడుగు దేవునిదే అన్న దగ్గర వాళ్లకీ, సభలో నెగ్గిన కాల్వినిస్టులకీ (సంస్కర్త కాల్విన్ బోధను అనుసరించేవాళ్లకి) తగాదా లేదు. ఆ కృపను మనిషి కాదనగలడా అన్నదే పేచీ. తర్వాతి కాలంలో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన వెస్లీ కాదనగలడనే చెప్పాడు. నేను ఆయన వైపే మొగ్గుతాను, రెండుసార్లు కాల్ కట్ చేసినవాణ్ణి కదా!

ఇంత చెప్పినా నన్ను లోపల తొలిచేది ఒకటుంది. మా నాన్నగారు తన తమ్ముడితో మాట్లాడకుండానే పోయారు. నాకంటే ఎక్కువ ప్రార్థించే మనిషి. ఆయనకు ఆ కోరిక రాలేదా, వచ్చినా కాదన్నారా? "దేవుని ఏర్పాటు" అని ఒకరు, "మీ నాన్నగారి ఎంపిక" అని ఇంకొకరు తేలిగ్గా తేల్చేస్తుంటే నాకు ఇద్దరి మీదా చిరాకే.

అయితే కోరిక పుట్టేదాకా ఆగాలా అని మీరు అడిగితే మాత్రం, ఆగొద్దనే చెప్తాను. ఆ రాత్రి మాట్లాడినప్పుడే తెలిసింది, మధ్యలో అన్నయ్యకు ఆపరేషన్ అయిందని. నేను చేతులు కట్టుకు కూర్చున్న రోజుల్లోనే.

డబ్బు ఇంకా రాలేదు, నేనూ అడగలేదు. ఆ వాక్యం ఇప్పుడు అందరితో కలిసి చెప్తున్నాను, కొన్ని ఆదివారాలు గొంతు కాస్త తగ్గించి.